వేట ఆగకముందే విడిభాగాలు చేతికి రావాలి

విడవలూరు: యేటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా ఇంజను బోట్లు వేటకు పోరాదన్నది ప్రభుత్వ నిబంధన. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు ఎదిగేందుకు ఉద్దేశించిన ఈ 61 రోజులు విడవలూరు మండలంలోని రామతీర్థం, ఊటుకూరు, పొన్నపూడి వైపు పాలేలకు మరో విధంగా కూడా అవసరమైనవే. బోటును మెరకకు లాగి, ఇంజను విప్పి, అడుగు భాగం తడిమి చూసుకునే తీరిక సంవత్సరం మొత్తంలో ఈ రెండు నెలల్లోనే చిక్కుతుంది. జూన్ 15 తెల్లవారుజామున ఏ బోటు అలలు దాటి పోతుంది, ఏ బోటు ఇసుకలోనే వుండిపోతుంది అన్నది మే నెలాఖరుకు తేలే విషయమని సాధారణంగా అనుకుంటారు. వాస్తవానికి అది మార్చి నెలలోనే చాలావరకు తేలిపోతుంది. సామాను అప్పటికే ఇంట్లో వున్నవాడి పని వేరు, విప్పిన తర్వాత వెతుక్కునేవాడి పని వేరు.

జూన్ మూడో వారం ఎందుకంత ముఖ్యమో తీరం వాసులకు చెప్పనక్కరలేదు గాని, మెట్ట ప్రాంతపు పాఠకుల కోసం చెప్పవలసి వుంది. రెండు నెలలు వల పడని సముద్రం అది. అదీగాక జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఆ కార్తెలో చేప తినాలన్నది తెలుగు నాట ఊరూరా వున్న ఆనవాయితీ. కార్తె సగంలో వుండగా నిషేధం ముగుస్తుంది. సరుకుకు గిరాకీ, సముద్రంలో చేప, రెండూ ఒకేసారి కలిసివచ్చే ఆ పది పదిహేను రోజులు చిన్న నాజిల్ ముక్క కోసం బోటు ఆగిపోతే ఆ నష్టాన్ని ఆగస్టులో పూడ్చుకోవడం కష్టం. అప్పటికి అందరి వలలూ నీళ్లలోనే వుంటాయి.

ఇంజను పాలు ఏమవుతోంది?

వేటకు పోయివచ్చిన తర్వాత డీజిలు, ఐసు, బత్తా ఖర్చులు తీసివేసి మిగిలిన సొమ్మును పాళ్లు వేసుకోవడం తీరప్రాంతంలో పాత ఆచారం. పాళ్ల లెక్క ఊరూరికీ కొద్దిగా మారినా, మనుషులతోపాటు బోటుకు, ఇంజనుకు, వలకు కూడా వంతు తీయడం మాత్రం అంతటా కనిపిస్తుంది. ఆ ఏర్పాటులో గొప్ప తెలివి వుంది. ఇంజను కూడా పనిచేసింది కాబట్టి దానికీ కూలి ముట్టాలి, అది అరిగినప్పుడు ఆ కూలితోనే బాగుచేసుకోవాలి అన్నది పెద్దల ఉద్దేశం.

కాని ఆ వంతు ఇంజను పేరు మీద ఒక చోట నిలవడం అరుదు. పెళ్లికో, ఆసుపత్రికో, పిల్లల ఫీజుకో కరిగిపోతుంది. తప్పు పట్టవలసిన ఖర్చు అందులో ఏదీ లేదు. అయితే ఏప్రిల్‌లో ఇంజను విప్పేసరికి దాని కూలి దానికి మిగలదు. వేట లేదు కనుక రాబడి లేదు, రాబడి లేని నెలల్లోనే సామాను కొనాలి. అప్పుడు దిక్కు సరుకు కొనే వ్యాపారి. ఆయన ఇచ్చే అడ్వాన్సుకు వడ్డీ అని కాగితం మీద ఏమీ వుండకపోవచ్చు. సీజను మొదలయ్యాక చేప ఆయనకే పోయాలి, ధర ఆయన చెప్పిందే. వడ్డీ అంతా ఆ ధరలోనే వుంటుంది. పిస్టన్ రింగుల సెట్టు ఒకటి ఈ దారిలో కొంటే దాని అసలు ఖరీదు ఎంత పడిందో లెక్కకట్టి చూసుకునే ఓపిక ఎవరికీ వుండదు.

ప్రభుత్వ సాయం ఈ లోటు పూడుస్తుందని ఆశించడం అంత సబబు కాదు. నిషేధ కాలానికి ఇచ్చే భృతి 2019లో రూ.10 వేలకు, 2025లో రూ.20 వేలకు పెరిగింది. మంచిదే. కాని ఆ డబ్బు జమ అయిన తేదీలు చూడండి. 2019లో అది నవంబరు 21న వచ్చింది, అంటే ఆ యేటి నిషేధం ముగిసిన ఐదు నెలలకు. 2020లో మే 6న, 2025లో ఏప్రిల్ 26న వచ్చింది. ఎంత తొందరగా వచ్చినా నిషేధం మొదలైన తర్వాతనే. పైగా అది కుటుంబం తిండికి ఉద్దేశించిన సొమ్ము. దాన్ని ఇంజనులో పోస్తే పొయ్యి మీదికి ఏమి రావాలి?

అందరికీ ఒకేసారి అవసరం

మార్చిలోనే కొనాలనడానికి మరో బలమైన కారణం వుంది. తూర్పు తీరంలో పశ్చిమ బెంగాల్ నుంచి తమిళనాడు దాకా నిషేధపు తేదీలు ఒక్కటే. 2015 నుంచి అందరికీ 61 రోజులు. అంటే విడవలూరు తీరంలో ఇంజను విప్పిన వారంలోనే కాకినాడలోనూ, మచిలీపట్నంలోనూ, చెన్నై కాశిమేడులోనూ విప్పుతారు. అందరికీ అదే నాజిల్, అదే గ్యాస్కెట్, అదే బుష్ కావాలి. నెల్లూరులో దొరకని ముక్కకు మనవాళ్లు చెన్నై బండి ఎక్కుతారు. అక్కడ కూడా అదే రద్దీ. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31న ముగుస్తుంది కనుక మే నెలాఖరుకు అక్కడి కొనుగోళ్లు కూడా ఊపందుకుంటాయి. ఈ నడుమ మన తీరంలో మెకానిక్ చేతి ఖాళీ కూడా తక్కువే. ఎండాకాలంలో రొయ్యల చెరువుల మీద యేరియేటర్లు, డీజిలు జనరేటర్లు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. అవి ఆగితే తెల్లారేసరికి చెరువు తేలిపోతుంది కాబట్టి చెరువు యజమాని పిలుపే ముందు అందుకుంటుంది.

రద్దీలో జరిగే మరో నష్టం నకిలీ సరుకు. అసలు కంపెనీ నాజిల్ లేదన్నప్పుడు దుకాణంలో దానివంటిదే మరొకటి చూపిస్తారు. డబ్బా రంగు, అచ్చు అంతా ఒకటిగానే వుంటుంది. తొందరలో వున్నవాడు తీసుకుపోతాడు. జూలైలో నల్లపొగ మొదలవుతుంది, డీజిలు తాగుడు పెరుగుతుంది. మార్చిలో పోయినవాడికి ఇది కాకపోతే వచ్చే వారం రమ్మనగల వెసులుబాటు వుంటుంది. పాత ముక్కను చేతిలో పట్టుకుపోయి, దాని మీది నెంబరు, ఇంజను పలక మీది మోడలు నెంబరు కాగితం మీద రాసుకుపోతే ఇంకా మేలు. “అదే అన్నా, తొమ్మిది గుర్రాల ఇంజను” అంటే దుకాణదారు చేయగలిగింది కొంచెమే.

విప్పకముందే పట్టీ ఎలా రాయాలి

ఇంజను విప్పందే ఏది అరిగిందో తెలియదు గదా, ముందుగా ఏమి కొనాలి అన్న ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానం రెండు భాగాలుగా చెప్పవచ్చు.

ఒకసారి విప్పితే రెండోసారి పనికిరాని సామాను కొంత వుంది. హెడ్ గ్యాస్కెట్ అటువంటిది. బిగించినప్పుడు నలిగి కూర్చుంటుంది, తీసి మళ్లీ వేస్తే పట్టదు. డీజిలు పైపు దగ్గర వేసే రాగి వాషర్లు, ఆయిల్ సీళ్లు, స్ప్లిట్ పిన్నులు, లోపల నైలాన్ వున్న లాక్ నట్లు ఇదే కోవలోకి వస్తాయి. ఆయిల్ ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, ఇంజను ఆయిలు, గ్రీసు ఎలాగూ మార్చవలసినవే. వీటికి ఇంజను విప్పి చూడవలసిన పనిలేదు. అవసరమవుతాయా అన్న అనుమానం లేదు గనుక వీటిని మార్చిలోనే నిశ్చింతగా కొనవచ్చు.

మిగిలిన వాటి సంగతి ఇంజనే ముందుగా చెబుతుంది, వినేవాడు వుండాలి. ఫిబ్రవరి, మార్చి వేటల్లో పొగ రంగు గమనిస్తే సగం పట్టీ తయారవుతుంది. నల్లపొగ వస్తుంటే నాజిల్ మీదనో, గాలి ఫిల్టరు మీదనో అనుమానం. నీలిపొగ అయితే ఆయిలు మండుతున్నట్లు, రింగులు గాని వాల్వు గైడ్లు గాని అరిగినట్లు. చల్లగా వున్నప్పుడు స్టార్టు కావడానికి మొండికేసి తెల్లపొగ వదిలితే కంప్రెషను చూడాలి. పొడుగు షాఫ్టు ఇంజనులో చేతికి అదురు ఎక్కువైతే బుష్ పోయినట్లో, పంకా రెక్క వంగినట్లో. వెనుక తగిలించే అవుట్‌బోర్డు మోటారు వున్నవారు కింది గేరు ఆయిలు కొద్దిగా వదిలి చూడాలి. అది మజ్జిగలా తెల్లబారి వుంటే సీలులోంచి నీరు దిగుతున్నదని అర్థం. ఆ మోటారులో నీరు తోడే రబ్బరు చక్రం, స్పార్కు ప్లగ్గులు, పంకాకు వేసే షియర్ పిన్నులు, జింకు ముక్క కూడా పట్టీలో చేరుతాయి. షియర్ పిన్ను విరగడం కోసమే పెట్టింది. పంకా దేనికైనా తగిలితే అది విరిగి గేర్లను కాపాడుతుంది. దాని బదులు మేకు దూర్చినవాడు చవక పిన్ను మిగుల్చుకుని ఖరీదైన గేర్లు పోగొట్టుకుంటాడు.

ఈ సందర్భంలో ఇంట్లో కట్టుకున్న విమానాల సంగతి ప్రస్తావించడం అప్రస్తుతం కాదనుకుంటాను. అమెరికాలో సొంతంగా విమానం తయారు చేసుకుని ఎగిరేవారు వేలల్లో వున్నారు. 1953లో ఏర్పడిన వారి సంఘం ఓష్‌కోష్ అనే ఊళ్లో యేటా పెద్ద తిరునాళ్లలా కలుసుకుంటుంది. మన దేశంలోనూ ముంబయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానానికి 2017లో పౌర విమానయాన శాఖ రిజిస్ట్రేషన్ ఇచ్చింది. అమెరికాలో అటువంటి విమానాన్ని పన్నెండు నెలలకు ఒకసారి ఆసాంతం తనిఖీ చేసి పుస్తకంలో సంతకం పెడితే తప్ప ఎగరనివ్వరు. కట్టినవాడే అనుమతి పత్రం పొంది తన విమానాన్ని తానే తనిఖీ చేసుకోవచ్చు. తెలివైనవారు తనిఖీకి నెలా రెండు నెలల ముందే ప్లగ్గులు, ఫిల్టర్లు, గ్యాస్కెట్లు, స్ప్లిట్ పిన్నులు, బ్రేకు అట్టలు, టైరు ట్యూబులు తెప్పించి అరలో పెట్టుకుంటారు. విప్పిన విమానం షెడ్డులో వుండగా ఒక ముక్క కోసం వారాలు ఎదురుచూడడం వారికీ తెలిసిన బాధే.

వారి దగ్గర మనం తెచ్చుకోదగిన అలవాటు ఒకటి వుంది. తీసిన ఆయిల్ ఫిల్టరును పారవేయరు. కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, మెరిసే లోహపు రజను వుందేమో చూస్తారు. మన ఇంజనుకూ ఇది చేయవచ్చు. ఫిల్టరు లేని ఇంజను అయితే వేడిగా వుండగా తీసిన ఆయిలును పల్చని తెల్లగుడ్డలో వడగట్టి, అడుగున అయస్కాంతం తిప్పితే చాలు. ఇనుప రజను అంటితే రింగులో, గేరో, షాఫ్టో అరుగుతోంది. అయస్కాంతానికి అంటని పసుపు రజను కనిపిస్తే బుష్‌లు, బేరింగుల వైపు చూడాలి. ఈ పరీక్షకు ఖర్చు లేదు. మార్చిలో ఒకసారి ఆయిలు మార్చి ఇది చూసుకుంటే ఏప్రిల్‌లో ఏమి కావాలో ముందే తెలుస్తుంది. ఆకాశంలో ఇంజను ఆగినా, ఒడ్డు కనిపించని చోట సముద్రంలో ఆగినా దిగి నిలబడటానికి చోటు వుండదు కదా.

రోహిణి ఎండలో రెజిన్

ముందుగా కొనమన్నామని అన్నీ కొని పెట్టుకోరాదు. ఫైబరు బోటు అతుకుకు వాడే పాలిస్టర్ రెజిన్ నిలవ వుండే సరుకు కాదు. కొన్ని నెలలు దాటితే, అందులోనూ రేకుల కొట్టులో వేడికి, డబ్బాలోనే చిక్కబడి జున్నులా తయారవుతుంది. పోయిన యేడు మిగిలిన డబ్బా ఈ యేటికి పనికివస్తుందనుకోవడం వృథా. తయారీ తేదీ చూసి, పనికి వారం పది రోజుల ముందు తెచ్చుకుంటే చాలు. గాజు పీచు చాప మాత్రం తడి తగలకుండా చుట్టిపెడితే ఎన్నాళ్లయినా వుంటుంది. దాన్ని ముందే కొనవచ్చు.

మన తీరంలో రేవు గోడ లేదు. బోటును ఇసుక మీదికి ఈడ్వవలసిందే, ఇసుక మీది నుంచి నెట్టవలసిందే. యేడాది పొడుగునా ఈ రాపిడి వల్ల అడుగు వెన్ను పైపూత పోయి పీచు బయటపడుతుంది. అక్కడినుంచి నీరు లోపలి పొరల్లోకి ఎక్కుతుంది. పైకి పొడిగా కనిపించినా లోపల తడి వుంటే కొత్త అతుకు పట్టదు, మూడు నెలలకు పొలుసులా లేచిపోతుంది. కనుక బోటును ఏప్రిల్ మూడో వారంలోనే బోర్లించి, దెబ్బతిన్న చోట గీకి, రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఈ ఆరబెట్టే గడువు డబ్బు పోసి కొనగలిగింది కాదు. జూన్ మొదటి వారంలో తొందరపడేవారి అతుకులు ఊడిపోవడానికి ఇదే ప్రధాన కారణం.

కలపడంలో ప్రాణాపాయం వున్న విషయం ఒకటి వుంది. రెజిన్‌తోపాటు కోబాల్ట్ అనే ఊదారంగు ద్రవం, క్యాటలిస్టు అనే తెల్లని ద్రవం ఇస్తారు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయరాదు. పోస్తే భగ్గున మండుతుంది, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతనే క్యాటలిస్టు వేయాలి. కొన్ని డబ్బాల్లో కోబాల్ట్ ముందే కలిపి వుంటుంది, అడిగి తెలుసుకోవాలి. రెండు సీసాలనూ ఒకే సంచిలో వేసుకుని బస్సులో తేవడం కూడా మంచిది కాదు. క్యాటలిస్టు పాళ్లు సాధారణంగా నూటికి ఒకటి నుంచి రెండు. రోహిణి కార్తె ఎండలో రెండు వేస్తే బ్రష్షు తీసేలోగా డబ్బాలోనే గడ్డకడుతుంది. పొద్దున్నే, పందిరి నీడలో, కొంచెం కొంచెంగా కలుపుకోవడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. గీకేటప్పుడు లేచే గాజు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మూతికి తువాలు కట్టుకుంటే చాలదు, దుమ్ము ముసుగు, కళ్లద్దాలు పట్టీలో చేర్చాలి. అవి ఇంజను విడిభాగాలు కావని వదిలేసేవారే ఎక్కువ.

బోల్టుల విషయంలో కూడా ఒక మాట. స్టెయిన్‌లెస్ అని అమ్మేదంతా ఒకటి కాదు. ఉప్పునీటికి తట్టుకునేది 316 రకం. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుస్తుంది. 304 రకం ఇంటి సామానుకు సరిపోతుంది గాని ఉప్పుగాలికి చిన్న చిన్న గుంటలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూసే పరీక్షతో ఈ రెండింటికీ తేడా తెలియదు. తల మీద చెక్కిన గుర్తు చూసి తీసుకోవలసిందే. పంకా షాఫ్టు, ఇంజను పునాది బోల్టులు, చుక్కాని కొక్కెం వంటి చోట్ల ఈ తేడా ప్రాణం మీదికి వచ్చే తేడా.

ఒకప్పుడు ఈ తీరంలో తెప్పలు నడిచిన రోజుల్లో ఇంత హంగామా లేదు. తెప్పకు యేడాది తనిఖీ అంటే తాళ్లు విప్పి, దుంగలు ఎండబెట్టి, కొత్త తాళ్లతో బిగించడమే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత సాయంగా వచ్చిన ఫైబరు బోట్లతో తెప్పలు మరింత మూలబడ్డాయి. బోటు వచ్చింది, ఇంజను వచ్చింది, వేట దూరం పెరిగింది. వాటికి కావలసిన సామాను అర మాత్రం పాలెంలో రాలేదు.

పాలేనికి ఒక సామాను పెట్టె

ఒక్కొక్కరు అన్నీ కొనలేని మాట నిజం. అయితే ఒకే మోడలు ఇంజన్లు పది వున్న పాలెంలో పదిమందీ పది నాజిళ్లు అట్టే పెట్టుకోవలసిన పని లేదు. రెండో మూడో వుమ్మడిగా వుంచి, వాడుకున్నవాడు తిరిగి కొని పెట్టే ఏర్పాటు చేసుకోవచ్చు. మత్స్యకార సహకార సంఘాలు వలల సబ్సిడీల కోసం, గుర్తింపు కార్డుల కోసం తీసుకునే శ్రద్ధలో కొంత ఇటు మళ్లిస్తే చాలు. పదిమంది కలిసి ఒకే బిల్లు మీద కొంటే దుకాణదారు ధరలో మాట వింటాడు, నకిలీ సరుకు అంటగట్టడానికి వెనుకాడతాడు.

డబ్బు నిలవ చేసే పద్ధతి ఈ జిల్లాకు కొత్తది కాదు. 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టే పొదుపు సంఘాలు నెల్లూరు జిల్లాలోనే వూపందుకున్నాయి. చేప అమ్మకం లెక్క చూసేది ఇళ్లలోని ఆడవారే. పాళ్లు వేసిన రోజునే ఇంజను పాలులో కొంత ఇంజను పేరుతో ఆ సంఘంలో జమ అయితే, ఆరు నెలల్లో గ్యాస్కెట్లు, ఫిల్టర్లు, రింగుల సెట్టుకు చేయి చాచవలసిన అవసరం తగ్గుతుంది. సంఘం అప్పు వడ్డీ వ్యాపారి చెప్పే ధరకన్నా తేలికే. ఈ పద్ధతికి మగవారు ఒప్పుకోవడమే అసలు కష్టం కావచ్చు. ఇంజను పాలు ఇంటి ఆడవారి చేతికి ఇవ్వడమంటే ఇంజను తాళం ఇచ్చినట్లే అనుకునేవారు వుంటారు.

నిషేధం చివరి వారానికి మిగిలే పని చెప్పుకోవాలి. బిగించిన అవుట్‌బోర్డు మోటారును నీటి పీపాలో వుంచి కనీసం గంట నడిపి చూడాలి. గాలి తగిలి చల్లబడే డీజిలు ఇంజను అయితే రెక్కల నడుమ పేరుకున్న ఉప్పు, ఆయిలు మడ్డి గీకి తీసిన తర్వాతనే నడపాలి. డీజిలు ట్యాంకు అడుగున చేరిన నీరు వదలాలి. బోట్లను మరీ అలల అంచున వుంచరాదు. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది నిషేధ కాలంలోనే. రిజిస్ట్రేషన్, లైసెన్సు కాగితాలు గడువులో వున్నాయో లేదో చూసుకోవడానికి కూడా ఇదే అదను. 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట చట్టం ప్రకారం అవి లేకుండా పోతే పట్టుబడినవాడి సీజను అక్కడితో ఆగుతుంది.

మరమ్మతు ముగిసిన తర్వాత మిగిలిన సామానును ఇంట్లో అటక మీద పెట్టకుండా బోటులోకి ఎక్కించాలి. ఒక నాజిల్, ఒక డీజిలు ఫిల్టరు, మూర డీజిలు పైపు, నాలుగు క్లిప్పులు, బెల్టు వున్న ఇంజను అయితే ఒక బెల్టు, మూడు షియర్ పిన్నులు, స్పార్కు ప్లగ్గు, గుప్పెడు నట్లు, స్ప్లిట్ పిన్నులు, రెండు పానాలు, ఒక పట్టకారు. లైఫ్ జాకెట్లు మనిషికొకటి విడిగా. ఈ ముక్కలకు గ్రీసు రాసి, ఒక్కొక్కదాన్ని నూనె కాగితంలో చుట్టి, మూతకు రబ్బరు వున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ముందు భాగంలో కట్టాలి. డబ్బా లోపలి మూతకు ఏమేమి వున్నాయో రాసిన కాగితం అంటించి వుంచితే, సెప్టెంబరులో ఒక ముక్క వాడినవాడు దాన్ని కొట్టివేస్తాడు, మరుసటి మార్చి పట్టీ అక్కడినుంచే మొదలవుతుంది.